సంతకం లేని కరపత్రం: 1969 రాష్ట్రపతి ఎన్నిక

భారత రాష్ట్రపతి పదవికి జరిగిన ఎన్నికల్లో 1969 నాటిది అత్యంత ఉద్రిక్తమైనది. తలపడిన ప్రధాన ప్రత్యర్థులిద్దరూ తెలుగువారే. ఆ ఏడాది మే 3న జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే మరణించడంతో ఉపరాష్ట్రపతి వి.వి.గిరి తాత్కాలికంగా ఆ బాధ్యతలు స్వీకరించారు. బెంగళూరులో సమావేశమైన కాంగ్రెస్ పార్లమెంటరీ బోర్డు, ప్రధాని ఇందిరాగాంధీ అభీష్టానికి విరుద్ధంగా, లోక్‌సభ స్పీకరైన నీలం సంజీవరెడ్డిని అభ్యర్థిగా నిర్ణయించగా, గిరి తన పదవికి రాజీనామా చేసి స్వతంత్రుడిగా బరిలోకి దిగారు.

ఈ ఎన్నికలో ఓటర్లు ఎన్నికైన పార్లమెంటు సభ్యులు, శాసనసభ్యులు మాత్రమే, ఓటు రహస్యం, ఒక్కొక్క ఓటుకు ఒక్కొక్క విలువ ఉంటుంది, అభ్యర్థులకు ప్రాధాన్య క్రమం ఇచ్చే వీలూ ఉంటుంది. ఆ రెండవ ప్రాధాన్య ఓట్ల కోసమే కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప జనసంఘ్, స్వతంత్ర పార్టీల నాయకులతో మాట్లాడారు. దాన్ని తప్పుపట్టిన ఇందిర వర్గం, పార్టీ అభ్యర్థికే ఓటేయాలని విప్ జారీ చేయడానికి నిరాకరించి, అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేయాలని పిలుపునిచ్చింది. ఇరువర్గాల మధ్య ఘాటైన లేఖలు నడిచాయి. అయినా ఆ లేఖల కింద సంతకాలున్నాయి, వాటిలోని ఆరోపణ రాజకీయమైనది, జవాబు చెప్పే అవకాశం ఎదుటివారికి ఉంది. ఎంత కటువుగా ఉన్నా అటువంటి విమర్శను అమర్యాదగా లెక్కించడం సరికాదు.

అదే సమయంలో సంజీవరెడ్డి వ్యక్తిగత శీలంపై అసభ్యమైన ఆరోపణలతో అజ్ఞాత కరపత్రం ఒకటి బయటికి వచ్చింది. అది ఓటర్లకు పోస్టులో చేరిందనీ, సభ్యులు పార్టీభేదం లేకుండా కలిసి కూర్చునే పార్లమెంటు సెంట్రల్ హాల్లోనే పంచిపెట్టారనీ తరువాత కోర్టులో వాదన నడిచింది. రాసిందెవరో తెలియనప్పుడు నిందకు గురైన మనిషి ఎవరికి సమాధానం చెప్పాలి? పైగా పార్టీలకు అతీతంగా నిలవవలసిన పదవిని కోరుతున్న అభ్యర్థి వేదికలెక్కి తన శీలాన్ని సమర్థించుకోవడం ఆ పదవికే శోభ కాదు. ఈ నిస్సహాయతే అజ్ఞాత దూషణకు బలం. క్రౌర్యం కూడా అందులోనే ఉంది.

ఆగస్టు 20న ఓట్లు లెక్కించినప్పుడు మొదటి ప్రాధాన్యంతో ఎవరికీ కావలసిన ఆధిక్యం రాలేదు. రెండవ ప్రాధాన్యాలు కలిపాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 విలువ గల ఓట్లు దక్కాయి. తేడా 14,650, ఒక పార్లమెంటు సభ్యుడి ఓటు విలువ అప్పట్లో 576 కాబట్టి, పట్టుమని పదమూడు మంది సభ్యులు గిరిని వదిలి రెడ్డివైపు మొగ్గి ఉంటే ఫలితం తారుమారయ్యేది.

ఎన్నికను సవాలు చేస్తూ దాఖలైన పిటిషన్లలో ఈ కరపత్రమే ముఖ్యాంశమైంది. ఓటరు స్వేచ్ఛకు అడ్డుతగలడాన్ని చట్టం ‘అనుచిత ప్రభావం’ అంటుంది. అది గెలిచిన అభ్యర్థి సమ్మతితో జరిగిందని రుజువైతే ఎన్నిక రద్దవుతుంది. అభ్యర్థి శీలంపై అబద్ధాలు ప్రచురించడం మాత్రం నాటి శిక్షాస్మృతిలో జరిమానాతో సరిపోయే వేరే నేరం. మనిషి పరువు తీసే పనికి ఇంత స్వల్పమైన శిక్ష నిర్ణయించడం చట్టంలోని లోపమే. పదవిలో ఉన్న రాష్ట్రపతి అయినప్పటికీ గిరి స్వయంగా సుప్రీంకోర్టుకు హాజరై సాక్ష్యమిచ్చారు. అది ఆయన హుందాతనానికి నిదర్శనం. కరపత్రంతో ఆయనకు సంబంధమున్నట్లు రుజువు కాకపోవడంతో 1970లో కోర్టు పిటిషన్లను కొట్టివేసింది.

సంజీవరెడ్డి స్వగ్రామమైన ఇల్లూరు చేరి వ్యవసాయంలో పడ్డారు. 1977లో అదే పదవికి ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. 1969లో ఆయన ఓటమికి పార్టీలోని వర్గపోరు ఎంత కారణమో, కరపత్రం ఎంత కారణమో ఓట్ల లెక్క చెప్పదు. రహస్య ఓటు వేసినవారు ఏ కాగితం చదివి మనసు మార్చుకున్నారో ఏ న్యాయస్థానమూ తేల్చలేదు.