మునిగిన ఓడకు మిగిలిన సేవ



ఓడ మునిగిందన్న మాట వినగానే మన గుండె ఝల్లుమంటుంది. యోనా ఎక్కిన ఓడ బద్దలయ్యేటట్లు ఉన్నప్పుడు నావికులు సరుకులను సముద్రములో పారవేశారు. పౌలు ప్రయాణించిన ఓడ మెలితే ద్వీపము దగ్గర విరిగిపోయినప్పుడు 276 మంది ఈదుకుంటూ, పలకలు పట్టుకొని ప్రాణాలతో ఒడ్డు చేరారు. ఓడ మునక అంటే మనకు నష్టము, కన్నీరు.

అయితే ముందుగా తేదీ నిర్ణయించి, కోట్లు ఖర్చుపెట్టి, నలుగురూ చూస్తుండగా ఓడను కావాలని ముంచే పద్ధతి ఒకటి లోకములో ఉన్నది. వయసు మళ్లి సేవ నుండి విరమించిన ఓడలను సముద్రపు అడుగున నిలబెడతారు. వాటిని కృత్రిమ దిబ్బలు అంటారు. చేపలకు అవి ఇళ్లవుతాయి. జాలరులకు వేట దొరుకుతుంది. నీటిలో మునిగి సముద్రపు వింతలు చూసే ఈతగాళ్లకు అది చూడదగిన స్థలమవుతుంది. ఈ పని ఎలా జరుగుతుందో తెలుసుకుంటే మన కుటుంబాలకు కూడా ఒక పాఠము దొరుకుతుంది.

ఒరిస్కానీ అనే ఓడ

అమెరికా నౌకాదళములో ఒరిస్కానీ అనే విమాన వాహక నౌక ఉండేది. 1950లో సేవలో చేరింది. పొడవు సుమారు 270 మీటర్లు. కొరియా యుద్ధములోను, వియత్నాం యుద్ధములోను పాల్గొన్నది. 1966 అక్టోబరు 26న ఫ్లేర్ అనే వెలుగునిచ్చే మందుగుండు ఒకటి అంటుకొని, అది ఉంచే గది అంతా మండిపోయింది. ఆ అగ్నిప్రమాదములో 44 మంది చనిపోయారు. అంటే ఎన్నో కుటుంబాల కన్నీరు ఆ ఓడతో ముడిపడి ఉన్నది.

1976లో ఆ ఓడను సేవ నుండి తొలగించారు. తరువాత అది చాలా ఏళ్లు ఊరకనే లంగరు వేసి ఉన్నది. 1995లో తుక్కు క్రింద అమ్మారు. పని ముందుకు సాగకపోవడముతో 1997లో నౌకాదళమే తిరిగి తీసుకున్నది. ఇక దీనిని ఏమి చేయాలి? చివరకు 2004లో దీనిని ఫ్లోరిడా రాష్ట్రానికి కృత్రిమ దిబ్బగా ఇవ్వాలని నిర్ణయించారు.

2006 మే 17న పెన్సకోలా తీరానికి సుమారు 40 కిలోమీటర్ల దూరములో దానిని ముంచారు. ఓడ అడుగుభాగములో అమర్చిన పేలుడు పదార్థాలు పేలాయి. నీరు లోపలికి దూసుకువచ్చింది. వెనుక భాగము ముందుగా దిగి, 37 నిమిషాలలో ఓడ కనుమరుగైంది. ఒకప్పుడు దానిపై పనిచేసిన నావికులు అనేకులు పడవలలో వచ్చి చూశారు. సుమారు 65 మీటర్ల లోతున ఓడ ఒరిగిపోకుండా నిటారుగా నిలిచింది.

ఇనుముపై మొలిచిన జీవము

ఆ ప్రాంతములో సముద్రపు అడుగు చాలావరకు ఇసుక మైదానము. ఇసుకలో నాచు గాని, ఆల్చిప్ప గాని గట్టిగా పట్టుకొని పెరగలేదు. విత్తనము పడినా వేరు పారని నేల వంటిదది. సముద్రపు నీటిలో కంటికి కనబడని పిల్ల జీవులు లెక్కలేనన్ని కొట్టుకొనిపోతూ ఉంటాయి. వాటిలో అనేకము గట్టి ఆధారము దొరికితేనే బ్రతుకుతాయి. ఓడ గోడ వాటికి ఆ ఆధారము.

మొదట కంటికి కనబడని క్రిములు, నాచు పడతాయి. ఆ తరువాత పెంకు జీవులు, స్పంజికలు, మెత్తని పగడాలు అతుక్కుంటాయి. వాటిని తినడానికి చిన్న చేపలు వస్తాయి. పెద్ద చేపలు తరిమితే దాగుకొనడానికి ఓడలో గదులు, కిటికీలు, మెట్ల దారులు ఉండనే ఉన్నాయి. చిన్న చేపల వెంట రెడ్ స్నాపర్, గ్రూపర్ వంటి పెద్ద చేపలు చేరుతాయి. నీటి అడుగున బండ ఉన్నచోట చేప దొరుకుతుందని మన తీరములోని మత్స్యకారులకు కూడా తరతరాలుగా తెలుసు. ఓడ కూడా అటువంటి బండే.

బాంబులు మోసిన విమానాలు ఎగిరిన ఓడపై ఇప్పుడు చేపల గుంపులు తిరుగుతున్నాయి. కత్తులు నాగటి నక్కులుగా మారే దినమును యెషయా ప్రవక్త తన రెండవ అధ్యాయములో చూశాడు. ఆ దినము ఇంకా రాలేదు. కాని దాని నీడ వంటిది ఆ సముద్రపు అడుగున కనబడుతున్నది.

ముంచక ముందు కడగాలి

ఇక్కడ మనము గమనించవలసిన సంగతి ఒకటున్నది. ఆ ఓడను ముంచడానికి పట్టిన సమయము 37 నిమిషాలు. సిద్ధపరచడానికి పట్టినది దాదాపు రెండు సంవత్సరాలు. శుభ్రపరచడము, లాగుకొని రావడము, ముంచడము అన్నిటికీ కలిపి సుమారు 2 కోట్ల డాలర్లు ఖర్చయింది.

పాత ఓడ లోపల ఏముంటుంది? ట్యాంకులలో నూనె, ఇంధనము. గొట్టాల చుట్టూ ఆస్బెస్టాస్. గోడలకు సీసము కలిసిన రంగులు. కరెంటు తీగల తొడుగులలో పీసీబీ అనే రసాయనము. ఈ పీసీబీ సులభముగా నశించదు. చిన్న జీవి ఒంటిలో చేరి, దానిని తిన్న చేపలోకి, ఆ చేపను తిన్న పెద్ద చేపలోకి, చివరకు మనిషిలోకి వస్తుంది. అందుకే అమెరికాలో దాని తయారీని 1979లో నిషేధించారు. ఓడను ముంచక ముందు ఇవన్నీ తొలగించాలని, తేలిపోయే వస్తువులు తీసివేయాలని నియమాలున్నాయి. లోపలికి వెళ్లిన ఈతగాడు చిక్కుకొనకుండా దారులు కూడా తెరవాలి.

అంత శ్రమపడినా ఒరిస్కానీ పూర్తిగా శుభ్రము కాలేదు. తీగల తొడుగులలో 300 కిలోలకు పైగా పీసీబీ మిగిలిపోయిందని అధికారులే అంచనా వేశారు. పర్యావరణ సంఘాలవారు అభ్యంతరము తెలిపారు. ముంచిన తరువాత అక్కడి చేపలను పట్టి కొన్ని సంవత్సరాలపాటు పరీక్షించారు. మొదటి సంవత్సరాలలో పట్టిన కొన్ని చేపలలో ఆ విషము కనబడింది. తరువాత తగ్గుముఖము పట్టింది. పైకి కనబడే తుప్పు కాదు, తీగల లోపల దాగిన విషమే తరువాతి తరము చేపలకు చేరిందన్నమాట.

టైర్లు నేర్పిన పాఠము

అదే ఫ్లోరిడాలో మరొక తీరమున వేరొక సంగతి జరిగింది. 1972లో ఫోర్ట్ లాడర్‌డేల్ పట్టణము దగ్గర చేపలకు ఇల్లు కడతామని సుమారు 20 లక్షల పాత టైర్లను సముద్రములో వేశారు. దానిని ఆస్బోర్న్ దిబ్బ అన్నారు. ఎందరో స్వచ్ఛందముగా తమ పడవలతో వచ్చి సహాయము చేశారు. వారి ఉద్దేశము మంచిదే. చేపలకు ఇల్లు, ఊరికి చెత్త బాధ తప్పుతుంది. ఒక దెబ్బకు రెండు పిట్టలు అనుకున్నారు.

కాని టైర్లను కట్టిన ఇనుప బిగింపులు తుప్పుపట్టాయి, నైలాన్ పట్టీలు తెగిపోయాయి. తుపానులు వచ్చినప్పుడల్లా టైర్లు దొర్లిపోయి, దగ్గరలో దేవుడు కట్టిన నిజమైన పగడపు దిబ్బలను కొట్టి పాడుచేశాయి. కదులుతున్న టైరుపై ఏ జీవి నిలువగలదు? 2007 నుండి సైన్యపు ఈతగాళ్లు వెళ్లి ఆ టైర్లను తీయడము మొదలుపెట్టారు. వేసిన దానికన్నా తీయడమే కష్టమైంది.

ఒరిస్కానీ, టైర్లు రెండూ పాతవే. రెండింటినీ సముద్రములోనే వేశారు. అయితే ఓడ విషయములో, ఇది అక్కడ బ్రతికేవారికి మేలు చేస్తుందా అని అడిగి ఏళ్ల తరబడి పనిచేశారు. అలా చేసినా కొంత తక్కువైంది. టైర్ల విషయములో మన దగ్గర నుండి వదిలిపోతే చాలునన్న ఆలోచనే ఎక్కువగా పనిచేసింది. అప్పగించడము వేరు, పడవేయడము వేరు.

పెరిగాయా, పోగయ్యాయా?

శాస్త్రవేత్తలలో మరొక చర్చ ఉన్నది. దిబ్బ దగ్గర చేపలు నిజముగా పెరుగుతున్నాయా? లేక చుట్టుప్రక్కల చెదరి ఉన్నవి ఒక్కచోట పోగవుతున్నాయా? పోగవడమే అయితే జాలరి పని సులభమవుతుంది గాని సముద్రములో చేప పెరగదు. పైగా ఉన్నవన్నీ త్వరగా పట్టివేసే ప్రమాదమున్నది. అందుచేత దిబ్బ వేసినంత మాత్రాన చాలదు, వేటకు హద్దు కూడా ఉండాలని అనేకులు చెబుతారు. మన సంఘాలకు కూడా ఇది వర్తించదా? ప్రక్క సంఘము నుండి వచ్చిన విశ్వాసులను లెక్కపెట్టుకొని, పని అభివృద్ధి అయిందని సంతోషిస్తే సరిపోతుందా?

మన తీరములో

మన దేశములో పాత ఓడలు ఎక్కువగా గుజరాత్‌లోని అలంగ్ తీరానికి చేరి, ముక్కలై, ఇనుముగా కరిగిపోతాయి. 1983 నుండి అక్కడ ఈ పని జరుగుతున్నది. కృత్రిమ దిబ్బలకు మాత్రము మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వారు కాంక్రీటునే ఎన్నుకున్నారు. త్రికోణాకారములోను, బావి వరల ఆకారములోను దిమ్మెలు పోతపోసి తమిళనాడు, కేరళ తీరాలలో దింపుతూ వచ్చారు. కాంక్రీటులో ఓడలోని విషము ఉండదు. అడుగు ఈడ్చే ట్రాలు వలలు ఆ దిమ్మెలకు చిక్కుకొని చిరిగిపోతాయి గనుక పెద్ద మరబోట్లు అటు రావు. గాలము వేసి పట్టే చిన్న జాలరికి మేలు జరుగుతుంది.

ఓడకు రెండవ సేవ అనగానే మన తెలుగువారికి విశాఖపట్నము గుర్తుకు రావాలి. 31 సంవత్సరాలు నీటి క్రింద పనిచేసిన కురుసుర జలాంతర్గామిని 2001లో విరమింపజేశారు. 2002లో బీచ్ రోడ్డు ప్రక్కన ఇసుకపై ప్రదర్శనశాలగా నిలిపారు. అది మునగలేదు, తేలి గట్టెక్కింది. పిల్లలను చంకనెత్తుకొని దాని ఇరుకు దారులలో నడిచిన తల్లిదండ్రులు మన పాఠకులలో ఎందరో ఉంటారు.

మన ఇంటి ఓడలు

సహోదరీ సహోదరులారా, మనిషి ఓడ కాదు. ఇనుముకు ఆత్మ లేదు. అయినా పదవీ విరమణ చేసిన తండ్రి, మోకాళ్ల నొప్పులతో కూర్చున్న అత్తగారు మన ఇండ్లలో లంగరు వేసిన పాత ఓడలవలె ఉండిపోవడము మనము చూస్తున్నాము. కొన్ని ఇండ్లలో వారికి వరండాలో ఒక మంచము, ఒక కంచము, అంతే. అది పడవేయడము. మనవలకు బైబిలు కథలు చెప్పమని, కుటుంబ ప్రార్థన నడిపించమని, ఇంటి విషయములో సలహా చెప్పమని అడగడము అప్పగించడము. కాలేబు 85 ఏట కొండసీమను అడిగాడు. 84 సంవత్సరాల విధవరాలైన అన్న దేవాలయము విడువలేదు. దేవుని లెక్కలో పనికిరాని వయసు లేదు.

అయితే పెద్దలకు కూడా ఒక మాట. మన జీవితము మన పిల్లలకు ఆధారము కావాలంటే ముందు శుభ్రపడాలి. పైరంగు సంగతి కాదు, తీగల లోపలి సంగతి. తమ్మునితో పొలము గట్టు దగ్గర మొదలైన పగ ఇరవై ఏళ్లుగా అలాగే ఉన్నదా? తీర్చని అప్పు ఉన్నదా? బాప్తిస్మము పొంది ముప్పది ఏళ్లయినా, కుమార్తె పెండ్లి మాటలు రాగానే బయటపడే కులగర్వము ఉన్నదా? కుమారుని పెండ్లిలో కట్నము లెక్క ఉన్నదా? మనము కన్నుమూసినంత మాత్రాన ఇవి మనతో మునిగిపోవు. మన పిల్లలలోకి, వారి పిల్లలలోకి చేరుతాయి. ఆ శుద్ధి మన చేతులతో అయ్యేది కాదు. యేసు రక్తము సమస్త పాపము నుండి మనలను పవిత్రపరచునని యోహాను తన మొదటి పత్రిక మొదటి అధ్యాయములో సాక్ష్యమిస్తున్నాడు. కాని గది తలుపు తెరవవలసినది మనమే. తమ్ముని ఇంటికి నడిచి వెళ్లవలసిన కాళ్లు మనవే.

మన కానుకల విషయము కూడా ఆలోచించండి. తుపాను బాధితులకు బట్టలు పోగుచేసినప్పుడు చిరిగిన చీరలు, గుండీలు లేని చొక్కాలు సంచులలో కుక్కి పంపేవారున్నారు. అవి దానము పేరుతో విసిరిన టైర్లు. గ్రుడ్డి పశువును, కుంటి పశువును బలిపీఠము దగ్గరకు తెచ్చిన యాజకులను దేవుడు మలాకీ ద్వారా గద్దించాడు. వాడిన వస్తువు ఇవ్వడము తప్పు కాదు. ఉతికి, కుట్టి, మడతపెట్టి ఇద్దాము. ఆ శ్రమలోనే ప్రేమ ఉన్నది.

2008లో గుస్తావ్ అనే తుపాను వచ్చి ఒరిస్కానీని ఇసుకలోకి మరికొంత, సుమారు 3 మీటర్లు, దింపింది. ఓడ కొంచెము క్రుంగింది గాని ఒరగలేదు. చేపలు దానిని విడిచిపోలేదు. మనకు కూడా తుపానులు వస్తాయి, కొంత క్రుంగుతాము. అయినా మనలను ఆధారముగా చేసికొని బ్రతికే చిన్న ప్రాణాలు ఉన్నంతవరకు నిలువబడే కృపను ప్రభువు మనకందరికి అనుగ్రహించును గాక. ఆమేన్.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు:

1. మన ఇంటిలోని పెద్దలకు ఈ నెలలో ఏ బాధ్యతను గౌరవముగా అప్పగించగలము?

2. మన పిల్లలకు చేరకూడదని మనము కోరుకొనేది ఏదైనా మనలో దాగి ఉన్నదా?

3. గత సంవత్సరము మనము ఇచ్చినవాటిలో ఇచ్చినవి ఎన్ని, వదిలించుకున్నవి ఎన్ని?