నిప్పులేని చుట్ట



మన ఎస్. రాయవరము 1862లో గురజాడ అప్పారావుగారు జన్మించిన గ్రామము. వారి కన్యాశుల్కములోని గిరీశము చుట్టకాల్చుటయందు దిట్ట. ఈ తీరమున స్త్రీలు నిప్పుకొనను నోటిలోపలఁ బెట్టి పీల్చెడి అడ్డపొగ అంగిటిని గాల్చి, తుదకుఁ గ్యాన్సరునకు దారితీయునని మీరెఱుఁగుదురు.

ఇప్పుడు నిప్పులేని చుట్ట యొకటి బయలుదేఱినది. దానిలో బ్యాటరీ, చుట్టిన తీఁగ, దూది, నికోటిను కలిపిన ద్రవము నుండును. తీఁగ నికెలు క్రోమియముల మిశ్రమమైనను, ఇనుము క్రోమియము అల్యూమినియములదైనను, విద్యుత్తుచే వేఁడెక్కి ద్రవమును ఆవిరిచేయును. "ఏ తీఁగ మేలు?" అని యువకులు నన్నడుగుచుందురు. తీఁగయొక్క నిరోధము మిక్కిలి తగ్గినచో భారము హెచ్చి బ్యాటరీ పేలవచ్చును. దూది యెండి వేఁడి మితిమీఱినచో ఫార్మాల్డిహైడను విషము పుట్టును. తీఁగ మార్చినంతమాత్రమున నికోటిను పోదు. కావున మేలైన తీఁగ లేదనియే నా యుత్తరము.

2019వ సంవత్సరపుఁ జట్టము దీని తయారీని, దిగుమతిని, అమ్మకమును, ప్రకటనను మన దేశమున నిషేధించినది. అమ్మినవానికి మొదటి తప్పునకే ఏడాదివఱకుఁ జెఱ, లక్షరూపాయలవఱకు జుల్మానా, లేక రెండును విధింపవచ్చును.

మీ మనుమని చేతఁ గలమువంటి గొట్టము కానఁబడినచోఁ గోపింపకుఁడు. చుట్ట మానుట యెంత కష్టమో మీ యనుభవముననే చెప్పుఁడు. మానఁదలఁచినవారు 1800-112-356 అను ప్రభుత్వసంఖ్యకు ఉచితముగా ఫోనుచేసి సలహా పొందవచ్చును.