సభలో మౌన భాగస్వామ్యం

సభలో మౌన భాగస్వామ్యం అనగా ఒక చర్చకు హాజరై, జరుగుతున్నదంతా విని, దాని ఫలితాన్ని అనుభవించే వ్యక్తి ఆ చర్చలో నోరు విప్పకుండా ఉండడం. చిన్న కుటుంబ సమావేశం మొదలుకొని శాస్త్ర సదస్సు వరకు ఎక్కడైనా ఇది కనిపిస్తుంది. మాట్లాడేవారు కొద్దిమంది, వినేవారు ఎక్కువమంది. వినేవారికి విషయంపై ఆసక్తి లేదని సాధారణంగా అనుకుంటారు గాని అది అన్నివేళలా నిజం కాదు. చాలా సందర్భాలలో మౌనానికి కారణం మాటకు చెల్లించవలసిన వెల, మాటకు దొరికే జవాబు, ఈ రెండింటి మధ్యనున్న తేడా. ఈ వ్యాసం ఆంధ్రప్రదేశ్ గ్రామసభలను ప్రధాన ఉదాహరణగా తీసుకొని ఈ విషయాన్ని వివరిస్తుంది.

నేపథ్యం

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ చట్టం 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది. దీని ద్వారా గ్రామసభకు రాజ్యాంగంలో స్థానం లభించింది. పంచాయతీ పరిధిలోని ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి వ్యక్తీ గ్రామసభ సభ్యుడే. ఇందుకు ఎన్నిక గాని, రుసుము గాని, చదువు గాని అవసరం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం కూడా గ్రామసభకు చోటు కల్పించింది.

చట్టం ప్రకారం అందరికీ ఉన్న ఈ హక్కును వాడుకొనేవారు కొందరే. సర్పంచి, కార్యదర్శి, వార్డు సభ్యులు, ఊరిలో పలుకుబడి గలవారు మాట్లాడతారు. మిగిలినవారు వింటారు. సభ ముగిసిన తరువాత కార్యదర్శిని పక్కకు పిలిచి తమ సంగతి చెప్పుకొనేవారు, కాగితం మీద అర్జీ వ్రాసి చేతికిచ్చేవారు కూడా ఉంటారు. వీరికి చెప్పుకోవలసినది ఉన్నదనీ, నలుగురిలో చెప్పడమే కష్టమనీ దీనివలన తెలుస్తుంది.

కారణాలు

బహిరంగంగా పలికిన మాట వెనక్కు రాదు. "పెదవి దాటితే పృథివి దాటుతుంది" అనే సామెత ఈ భయాన్నే చెబుతున్నది. పట్టణంలో ఒక సభలో మాట్లాడినవాడు మరునాడు ఎవరికీ గుర్తుండకపోవచ్చు. గ్రామంలో అలా కాదు. రేషను డీలరు మీద ఫిర్యాదు చేసినవారు మరుసటి నెల అతని వద్దకే వెళ్ళాలి. కౌలుకు చేసేవారు భూమి యజమానికి ఎదురుగా మాట్లాడవలసి వస్తుంది. కనుక మౌనం పిరికితనం కంటే లెక్కకు దగ్గరగా ఉంటుంది.

రెండవది కూర్చొనే తీరు. వేదిక మీద కుర్చీలు, కింద జంపఖానా, వెనుక వరుసలో స్త్రీలు, ఇంకా వెనుక నిలబడినవారు అనే అమరిక ఎవరి మాటకు విలువ ఉన్నదో ముందే చెబుతుంది. కులం, లింగం, ఆస్తి అనే హెచ్చుతగ్గులు సభ గుమ్మం దగ్గర ఆగవు.

మూడవది భాష. అంచనాలు, తీర్మానాలు, నిధుల పద్దులు అనే అధికార పదాలు పరిచయం లేనివారికి తమ మాట మోటుగా తోస్తుంది. తమిళనాడు, కర్ణాటకలకు సరిహద్దుగా ఉన్న చిత్తూరు జిల్లాలో ఇంట తమిళమో కన్నడమో మాట్లాడే కుటుంబాలు కూడా ఉన్నాయి. అటువంటివారికి ఈ జంకు మరికొంత ఎక్కువ కావచ్చు.

నాలుగవది, ఎవరో ఒకరు అడుగుతారులే అనే నమ్మకం. వీధి కుళాయి రాకపోతే బాధ వీధి అందరిదీ గనుక అడగవలసిన బాధ్యత ఏ ఒక్కరిదీ కాకుండా పోతుంది. అమెరికన్ ఆర్థిక శాస్త్రవేత్త మాన్సర్ ఓల్సన్ 1965లో ప్రచురించిన గ్రంథంలో ఇటువంటి స్థితిని విశ్లేషించాడు. ఫలితం అందరికీ దక్కేటప్పుడు శ్రమ పడడానికి ఒక్కొక్కరికి ప్రేరణ తగ్గుతుందని ఆయన వాదన.

ఐదవది, తమ అభిప్రాయం గలవారు తక్కువమందే అనుకోవడం. జర్మన్ పరిశోధకురాలు ఎలిజబెత్ నోయెల్-నాయ్‌మన్ 1974లో దీనిని ఒక సిద్ధాంతంగా ప్రతిపాదించింది. ఒంటరి అవుతామనే భయంతో కొందరు ఊరకుంటారు. వారు ఊరకున్నందువలన ఆ అభిప్రాయం ఇంకా బలహీనంగా కనిపిస్తుంది. దానితో మరికొందరు ఊరకుంటారు. తెలుగులో "నలుగురితో నారాయణ" అనే మాట ఈ స్వభావాన్నే సూచిస్తుంది.

మౌనమంతా భయం వలన కలిగినదే అనుకోకూడదు. కొత్తగా వచ్చినవారు కొంతకాలం విని పద్ధతి తెలుసుకొంటారు. పెద్ద వాద్యకారుని పక్కన శ్రుతి వేస్తూ కూర్చొనే శిష్యుడు కూడా కచేరీలో భాగమే. జీన్ లేవ్, ఎటియన్ వెంగర్ 1991లో వెలువరించిన పుస్తకంలో ఇటువంటి అంచున ఉండే భాగస్వామ్యాన్ని నేర్చుకోవడంలో ఒక దశగా పరిగణించారు.

కాణిపాకం సంప్రదాయం

పలికిన మాటకు గ్రామ జీవితంలో ఎంత బరువున్నదో చిత్తూరు జిల్లా ఐరాల మండలంలోని కాణిపాకం తెలియజేస్తుంది. బహుదా నది ఒడ్డున ఉన్న ఈ గ్రామంలోని వరసిద్ధి వినాయకుడు ప్రమాణాల దేవుడిగా ప్రసిద్ధుడు. తగవు తేలనప్పుడు ఆలయ కోనేటిలో స్నానం చేసి స్వామి ఎదుట ప్రమాణం చేయడం ఆచారం. ఇక్కడ అబద్ధమాడినవారిని స్వామి శిక్షిస్తాడని భక్తుల విశ్వాసం. రాజకీయ నాయకులు సైతం ఆరోపణలు వచ్చినప్పుడు కాణిపాకంలో ప్రమాణానికి రమ్మని సవాలు విసురుకోవడం కద్దు.

స్థలపురాణం ప్రకారం గుడ్డి, మూగ, చెవిటివారైన ముగ్గురు అన్నదమ్ములు ఇక్కడ సేద్యం చేసేవారు. ఎండిన బావిని లోతు చేస్తుండగా పార రాతికి తగిలి రక్తం వచ్చింది. ఆ నీరు సోకగానే వారి వైకల్యాలు తొలగాయి. అప్పుడు ప్రజలు కొట్టిన కొబ్బరికాయల నీరు ఒక కాణి నేల పారినందున ఊరికి ఈ పేరు వచ్చిందని చెబుతారు.

ప్రమాణానికి, గ్రామసభకు ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. ప్రమాణం దగ్గర మౌనానికి అర్థం నిర్ణయమై ఉంటుంది. పిలిచినా రానివాడు తప్పు ఒప్పుకొన్నట్లే అని ఊరు భావిస్తుంది. గ్రామసభలో మౌనానికి అటువంటి నిశ్చితార్థం లేదు. అయినా "మౌనం అర్ధాంగీకారం" అనే సూత్రాన్ని దానికి అన్వయించి, ఎవరూ ఎదురు చెప్పలేదు గనుక అందరికీ సమ్మతమే అని తీర్మానం వ్రాస్తారు. భయపడినవారి మౌనం, అర్థం కానివారి మౌనం, నిజంగా ఒప్పుకొన్నవారి మౌనం పుస్తకంలో ఒకే వరుసలో చేరిపోతాయి.

పర్యవసానాలు

ఇల్లు, పింఛను, మంచినీరు, రోడ్డు వంటి అవసరాలు గ్రామసభలో చర్చకు వస్తాయి. అడగని వీధి అవసరం పద్దులోకి ఎక్కదు. ఈ విధంగా ఒకరి మౌనం ఆ కుటుంబానికి నష్టంగా మారుతుంది.

పరమితా సన్యాల్, విజయేంద్ర రావు 2019లో ప్రచురించిన గ్రంథం ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, కేరళ, తమిళనాడు గ్రామసభలలో జరిగిన సంభాషణలపై ఆధారపడినది. అదే సంవత్సరం రమ్య పార్థసారథి, విజయేంద్ర రావు, నేత్ర పళనిస్వామి తమిళనాడు గ్రామసభలపై చేసిన అధ్యయనం వెలువడింది. స్త్రీలు మాట్లాడే అవకాశమే గాక, మాట్లాడినప్పుడు అధికారుల నుండి సరైన జవాబు పొందే అవకాశం కూడా పురుషుల కంటే తక్కువని అందులో తేలింది. రిజర్వేషను వలన స్త్రీ అధ్యక్షురాలైన చోట స్త్రీల మాటకు స్పందన మెరుగుపడింది. జవాబు రాని చోట మరల అడగాలనే కోరిక సన్నగిల్లుతుంది గనుక ఈ ఫలితం ముఖ్యమైనది.

మౌనం వీడిన సందర్భాలు

నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా కార్యక్రమంలో చేరిన స్త్రీలు సారా వలన తాము పడుతున్న బాధలను కలిసి చర్చించుకొన్నారు. అక్కడ మొదలైన ఉద్యమం 1992లో రాష్ట్రమంతటా వ్యాపించింది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రంలో సారా నిషేధించబడినది. అంతకు ముందు ఈ స్త్రీలు ఊరి సభలలో వక్తలు కారు. రాత్రి బడి వారికి ఒకరి బాధ ఒకరు వినే చోటు కల్పించింది. తమ బాధ తమ ఒక్కరిదే కాదని తెలియడంతో మాట బయటకు వచ్చింది. తరువాతి కాలంలో పొదుపు సంఘాలు కూడా పదిపదిహేను మంది కూర్చొని వంతుల వారీగా మాట్లాడే అలవాటు కలిగించాయి.

రెండవ ఉదాహరణ సామాజిక తనిఖీ. 2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం పనుల తనిఖీ బాధ్యతను గ్రామసభకు అప్పగించింది. ఈ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైనది. చిత్తూరు జిల్లా కూడా మొదటి విడతలోనే ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో శిక్షణ పొందిన తనిఖీ బృందాలు మస్టర్లు చేతబట్టుకొని ఇంటింటికీ వెళ్ళి, ఎన్ని రోజులు పని చేశారు, ఎంత కూలి ముట్టింది అని కూలీలను అడిగి వ్రాసుకొనేవి. ఆ వివరాలను గ్రామసభలోను, అనంతరం మండల స్థాయి ప్రజావేదికలోను చదివి వినిపించేవారు. సభలో లేచి నిలబడలేని కూలీ తన అరుగు మీద కూర్చొని చెప్పగలిగాడు. అదే సంగతి పలువురు చెప్పినప్పుడు ఏ ఒక్కరూ ఒంటరి కాలేదు.

ఈ రెండు సందర్భాలలోను మాట్లాడమని ఉపదేశించినందువలన మౌనం తొలగలేదు. అడిగే చోటు, అడిగే పద్ధతి మారడం వలన తొలగింది.

ఇవి కూడా చూడండి

గ్రామసభ
సామాజిక తనిఖీ
సారా వ్యతిరేక ఉద్యమం
కాణిపాకం