వేలిముద్ర ఇవ్వం అన్న ఊరు

1930లో కోలారు బంగారు గనుల కార్మికులు దాదాపు మూడు వారాల పాటు పనిలోకి దిగలేదు. ఆ సమ్మె మొదలైంది కూలి పెంచమని కాదు. ప్రతి కార్మికుడి వేలిముద్రలూ తీసి రిజిస్టరులో ఎక్కించాలని గని యాజమాన్యం తలపెట్టింది. అప్పటికే షిఫ్టు దిగి పైకి వచ్చేటప్పుడు ఒళ్లంతా తడిమి చూసేవారు. బంగారం దొంగతనం పేరుతో ఇళ్లలో సోదాలు జరిగేవి. ఇంత భరించినవాళ్లు వేలిముద్రల దగ్గర మాత్రం కుదరదన్నారు. వాళ్లలో ఎక్కువమంది తమిళులు, చిత్తూరు వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లూ ఉన్నారు. చరిత్రకారిణి జానకీ నాయర్ గనుల కార్మికుల మీద రాసిన పుస్తకంలో ఈ సమ్మె ప్రస్తావన ఉంది. మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో మాత్రం కనబడదు.

ఆ కార్మికుల మునిమనవలు ఇప్పుడు మా తరగతుల్లో కూర్చుంటున్నారు. వాళ్ల ఫోటో, పుట్టిన తేదీ, కులం, ఇంటి చిరునామా, అమ్మ ఫోన్ నంబరు, నాన్న ఆదాయం అన్నీ ఎవరెవరి దగ్గరో ఉన్నాయి. ఎవరూ బలవంతం చేయలేదు. మనమే పంపాం.

ఈ మాట తల్లిదండ్రుల సమావేశంలో ఎత్తితే సాధారణంగా వచ్చే జవాబు ఒకటే. ‘నాదేముండాది సార్, దాచిపెట్టుకునేదానికి?’ ఆ ప్రశ్న అడిగే తల్లి నిజాయితీగానే అడుగుతుంది. దానికి జవాబు చెప్పాలంటే గని ఊళ్లో ఉన్నవాళ్లకి సులువు.

సామాజిక మాధ్యమాల నుంచి మన వివరాలు తోడుకోవడాన్ని డేటా మైనింగ్ అంటారు. మైనింగ్ అంటే ఏమిటో కేజీఎఫ్‌లో ఒకరు చెబితే తెలుసుకునేది కాదు. బంగారం ముద్దలుగా దొరకదు. టన్ను రాయి తవ్వితే వచ్చేది కొన్ని గ్రాములే. ఆ రాయిని పిండి చేసి, సైనైడ్ నీళ్లలో కలిపి, ఆ కాస్తా పిండుకుంటారు. ఒక్క రాయిని చేతిలో పట్టుకుని ‘ఇందులో ఏముంది’ అంటే ఏమీ లేనట్టే కనిపిస్తుంది. మనం నొక్కిన ఒక్క లైక్, చూసిన ఒక్క వీడియో, రాత్రి ఎన్ని గంటలకు ఫోన్ పక్కన పెట్టామన్న లెక్క కూడా ఆ రాయి వంటివే. కోట్ల మందివి కలిపి పిండి చేస్తేనే వాటి విలువ తెలుస్తుంది.

పారేసిన దాని సంగతీ చూడండి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఊరి చుట్టూ సైనైడ్ దిబ్బలు మిగిలాయి. గాలి వీస్తే కళ్లలో పడే ఆ దుమ్మును పనికిరాని మట్టే అనుకుంటూ ఇన్నేళ్లు బతికాం. 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం ఆ దిబ్బల్లోంచి మళ్లీ బంగారం తీసే ప్రతిపాదనకు ఆమోదం తెలిపింది. పదమూడు దిబ్బలు, వెయ్యి ఎకరాల పైచిలుకు నేల. మనం పనికిరాదని వదిలేసింది ఎవరి లెక్కలోనో ఆస్తి. ఎప్పుడో పెట్టి మర్చిపోయిన పోస్టులు, తీసేసిన యాప్‌లో మిగిలిపోయిన ఖాతా కూడా అటువంటి దిబ్బలే.

ఎంత పిండుకోవచ్చో 2013లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. యాభై ఎనిమిది వేల మందికి పైగా స్వచ్ఛందంగా ఇచ్చిన ఫేస్‌బుక్ లైక్‌లు తీసుకుని మతం, రాజకీయ మొగ్గు, స్వభావం వంటివి అంచనా వేశారు. 2015లో వచ్చిన ఇంకో అధ్యయనం చెప్పింది వింటే నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది. పది లైక్‌లు ఉంటే మన స్వభావాన్ని తోటి ఉద్యోగి కంటే, డెబ్భై ఉంటే స్నేహితుడి కంటే, మూడు వందలుంటే భర్త లేదా భార్య కంటే కంప్యూటర్ బాగా అంచనా వేసిందట.

‘ఫోన్ మా మాటలు వింటుందా సార్, చీర గురించి మాట్లాడుకుంటే చీరల ప్రకటనే వచ్చింది’ అని అడిగేవాళ్లు చాలామంది. మా జవాబు ఇది: వినాల్సిన అవసరమే లేదు. ఎక్కడున్నామో, ఎవరితో ఉన్నామో, ఏం వెతికామో, మనలాంటి వాళ్లు నిన్న ఏం కొన్నారో తెలిసిన తర్వాత మాటలు వినడం అదనపు శ్రమ. వాట్సాప్‌లో రాసిన సందేశాన్ని కంపెనీ చదవలేదన్నది నిజమే. కానీ ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఎన్నిసార్లు పంపారన్న వివరం వేరు. కవరు లోపలి ఉత్తరం చదవకపోయినా పైనున్న చిరునామాలు చూస్తూ పోతే పోస్ట్‌మ్యాన్‌కి ఊరి సంగతులు తెలియకుండా ఉంటాయా? ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ మెటా కంపెనీవే. 2023లో దాని ఆదాయంలో నూటికి 97 వంతులకు పైగా ప్రకటనల నుంచి వచ్చింది. వాట్సాప్ 2021లో తెచ్చిన గోప్యతా నియమాల విషయంలో మన దేశ పోటీ కమిషన్ 2024 నవంబరులో మెటాకు 213 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కంపెనీ అప్పీలుకు వెళ్లింది.

ఇక్కడ ఒక లెక్క ఉంది. ఎనిమిదో తరగతి పిల్లలకు భాగహారంగా ఇవ్వదగినది. 2018లో బయటపడ్డ కేంబ్రిడ్జ్ అనలిటికా వ్యవహారంలో, వ్యక్తిత్వ పరీక్ష అనే పేరుతో ఒక యాప్ ఫేస్‌బుక్‌లో తిరిగింది. దాన్ని పెట్టుకున్నవాళ్ల వివరాలే కాదు, వాళ్ల స్నేహితుల వివరాలు కూడా లాక్కుంది. ఫేస్‌బుక్ చెప్పిన దాని ప్రకారం భారతదేశంలో ఆ యాప్ పెట్టుకున్నది 335 మంది. వివరాలు పోయి ఉండవచ్చన్నవాళ్లు 5,62,455 మంది. అంటే ఒక్కొక్కరి వెనక పదహారు వందల మందికి పైగా. ఆ పదహారు వందల మంది ఏ తప్పూ చేయలేదు, ఏ బటనూ నొక్కలేదు. ‘నాదేముంది దాచుకునేందుకు’ అన్న ప్రశ్నకు మేం చెప్పే జవాబు ఇదే అమ్మా: మీ ఫోన్‌లో ఉన్నది మీ ఒక్కరిదే కాదు. మీ చెల్లెలి నంబరు, పక్కింటి పాప ఫోటో, మా టీచర్ల నంబర్లు కూడా అందులోనే ఉన్నాయి.

2020 చివర్లో హైదరాబాద్‌లో బయటపడ్డ అప్పుల యాప్‌ల ఘోరం దీనికి ఇంకా దగ్గరి ఉదాహరణ. ఐదారు వేల రూపాయల అప్పు కోసం యాప్ పెట్టుకున్నవాళ్ల ఫోన్‌లోంచి నంబర్ల జాబితా మొత్తం తీసుకున్నారు. వాయిదా ఆలస్యమైతే బంధువులకు, ఆఫీసు వాళ్లకు ఫోన్లు చేసి, ఫోటోలు మార్చి పంపి పరువు తీశారు. కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తర్వాత 2022లో రిజర్వ్ బ్యాంక్ నియమం పెట్టింది: అప్పు ఇచ్చే యాప్ ఫోన్‌లోని నంబర్ల జాబితా, ఫోటోలు, కాల్ వివరాల జోలికి పోకూడదు. ఇప్పుడు ఏ అప్పుల యాప్ అయినా అవి అడిగిందంటే అది నియమం తప్పినట్టే. ఇలాంటి బెదిరింపు వస్తే ఫిర్యాదు చేయవలసిన సైబర్ నేరాల నంబరు 1930. మన సమ్మె జరిగిన సంవత్సరం అంకెలే కావడం యాదృచ్ఛికం, కేజీఎఫ్ వాళ్లు గుర్తుపెట్టుకోవడం మాత్రం తేలిక.

మనం భాషా అల్పసంఖ్యాకులం. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం, అండర్సన్‌పేటలోనో మారికుప్పంలోనో పక్కింట్లో తమిళం. మాతృభాష ఏమిటన్నది మనకు బడి ఎంచుకునే విషయం, ప్రేమ విషయం. ఇంకొకరికి అది ఓట్ల లెక్క. 2022 నవంబరులో బెంగళూరులో బయటపడ్డ చిలుమె సంస్థ వ్యవహారం గుర్తుండే ఉంటుంది. ఓటరు అవగాహన కార్యక్రమానికి అనుమతి తీసుకుని, పోలింగ్ బూత్ అధికారుల్లా గుర్తింపు కార్డులు వేసుకుని ఇంటింటికీ తిరిగి వివరాలు సేకరించారన్నది ఆరోపణ. పత్రికల్లో వచ్చిన ఆ వివరాల జాబితాలో మాతృభాష కూడా ఉంది. కార్డు వేసుకుని వచ్చి మర్యాదగా అడిగితే మనవాళ్లు మజ్జిగ ఇచ్చి మరీ చెబుతారు. ఆ మంచితనాన్ని మార్చుకోమని మేం అనం. ఎవరి తరఫున వచ్చారు, కాగితం చూపించండి అని అడగడం మంచితనానికి అడ్డు కాదు.

అలా ఇంటింటికీ వెళ్లి అడిగేవాళ్లలో మేమూ ఉన్నాం. 2025 సెప్టెంబరులో మొదలైన రాష్ట్ర సామాజిక, విద్యా సర్వేకు వెళ్లింది ఎక్కువగా ఉపాధ్యాయులే. జవాబు చెప్పడం ఇష్టపూర్వకమేనని, ఆ మాట ముందే ప్రజలకు చెప్పాలని, సమాచారం గోప్యంగా ఉంచాలని కర్ణాటక హైకోర్టు ఆ నెలలోనే ఆదేశించింది. ప్రభుత్వానికి లెక్కలు కావాలి. తెలుగు బడులు ఎన్ని, పిల్లలెందరు అన్న లెక్క లేకపోతే ఒక్క టీచరు పోస్టు కూడా రాదు. కాబట్టి వివరాలే ఇవ్వవద్దని మేం అనడం లేదు. ఏది ఎందుకు, ఎవరికి, ఎంతకాలం అన్నదే మా పట్టింపు.

ఉపాధ్యాయుల వివరాలకూ భద్రత లేదు. కరోనా కాలంలో పాఠాలకు, శిక్షణలకు అందరం వాడిన ప్రభుత్వ యాప్ దీక్షా. 2022లో హ్యూమన్ రైట్స్ వాచ్ నలభై తొమ్మిది దేశాల్లోని చదువు యాప్‌లను పరీక్షించి, వాటిలో పదింట తొమ్మిది దాకా పిల్లల హక్కులకు ముప్పు తెచ్చేలా సమాచారం తీసుకుంటున్నాయని తేల్చింది. దీక్షా కూడా ఆ పరీక్షలో ఉంది. 2023 జనవరిలో ఇంకో సంగతి బయటపడింది: పది లక్షల మందికి పైగా ఉపాధ్యాయుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు, దాదాపు ఆరు లక్షల మంది విద్యార్థుల కొన్ని వివరాలు తాళం లేని సర్వర్‌లో ఏడాదికి పైగా పడి ఉన్నాయని.

చట్టం ఏమంటుంది? ఆధార్‌ను ప్రశ్నిస్తూ 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లింది మన కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి. అప్పటికి ఆయన వయసు ఎనభై ఆరు. ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పారు. 2018 సెప్టెంబరు తీర్పు బడిలో చేర్చుకోవడానికి ఆధార్ తప్పనిసరి చేయకూడదని చెప్పింది. ఇది ఇంకా తెలియని బడులున్నాయి. తల్లిదండ్రులైతే చాలామందికి తెలియదు. అపార్ గుర్తింపు సంఖ్యకు ఇచ్చే అంగీకార పత్రం కూడా అంగీకార పత్రమే. చదివి, అడిగి, ఆలోచించి సంతకం పెట్టవచ్చు, తర్వాత వెనక్కి తీసుకోవచ్చు.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లంతా పిల్లలే. వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. వాళ్ల కదలికల మీద నిఘా, వాళ్లకు గురిపెట్టిన ప్రకటనలు నిషేధం. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. చదువుకు, పిల్లల భద్రతకు సంబంధించి బడులకు కొన్ని మినహాయింపులున్నాయి. మినహాయింపు ఉంది కదా అని బడి చేతులు దులుపుకోవడానికి లేదు. తల్లిదండ్రులు గమనించవలసిన మెలిక ఇంకొకటి: మనంతట మనం బహిరంగంగా పెట్టుకున్న వివరాలకు ఈ చట్టం వర్తించదు. పాప పుట్టినరోజు ఫోటో, పేరు, బడి యూనిఫారంతో అందరికీ కనిపించేలా ఫేస్‌బుక్‌లో పెడితే, దాన్ని ఎవరైనా ఏరుకుంటే ఈ చట్టం అడ్డు రాదు.

బడి వాట్సాప్ గ్రూపుల సంగతి వేరే చెప్పాలి. స్కాలర్‌షిప్ గడువు దగ్గర పడితే గ్రూపంతా ఆధార్ కార్డులు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, బ్యాంకు పాస్‌బుక్కులతో నిండిపోతుంది. అరవై మంది తల్లిదండ్రుల ఫోన్లలోకి అవి దిగుతాయి. ఆ ఫోన్లు రేపు అమ్ముడుపోతాయి, బాగుచేయించడానికి దుకాణానికి వెళతాయి. మార్కుల జాబితా గ్రూపులో వేస్తే వెనకబడ్డ పిల్ల పేరు ఊరంతా తిరుగుతుంది. పోటీ అనుకుంటాం గానీ, ఆ పిల్లకు అది ఎప్పటికీ చెరగని రికార్డు.

మా బడిలో ఈ విద్యా సంవత్సరం కొన్ని మార్చాం. ధ్రువపత్రాల నకళ్లు కాగితం మీదే తీసుకుంటున్నాం. ఆధార్ అవసరమైన చోట చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ తెమ్మంటున్నాం. ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనే ఉచితంగా వస్తుంది, రానివాళ్లకి మేమే దించి ఇస్తాం. మార్కులు ఎవరివి వాళ్లకే. గ్రూపులో సందేశాలు టీచర్లు మాత్రమే పెట్టేలా మార్చాం. దీనికి కొందరు నొచ్చుకున్నారు, పండుగ శుభాకాంక్షలు చెప్పుకునే వీలు పోయిందని. వార్షికోత్సవం ఫోటోలు పేర్లు లేకుండా, దూరం నుంచి తీసినవే పంచుతున్నాం. వేదిక మీద పిల్లల్ని దగ్గరగా వీడియో తీసి ఆ సాయంత్రమే రీల్ పెట్టే తండ్రులను ఆపడం మాత్రం ఇంకా మా చేత కాలేదు.

తొమ్మిది, పది తరగతుల పిల్లలతో ఒక పని చేయించాం. ఇంట్లో ఒక ఫోన్ తీసుకుని, ఏ యాప్ దేనికి అనుమతి తీసుకుందో సెట్టింగ్స్‌లో చూసి నోట్‌బుక్‌లో రాసుకు రమ్మన్నాం. టార్చి యాప్‌కు లొకేషన్ ఎందుకు, పంచాంగం యాప్‌కు ఫోన్ నంబర్లన్నీ ఎందుకు అని అడుగుతూ వచ్చారు. కొందరు అక్కడే అనుమతులు తీసేశారు, యాప్‌లు మామూలుగానే పని చేస్తున్నాయట. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో ఆ పిల్లలే మీ ఫోన్లలో అది చూపిస్తారు. ఫోన్ చార్జ్ చేసుకుని రండి.