సముద్రగర్భపు చమురు – దత్తాంశశుద్ధి

చెరకుతోటలకును గోవాడ చక్కెర కర్మాగారమునకును పేరుపడిన చోడవరము, తరతరములుగా విశాఖపట్టణ జిల్లాలో నుండి, 2022లో అనకాపల్లి జిల్లాలో చేరినది. ఈ సీమవారికి నడిసముద్రములోని చమురుబావులతో నేమి పని యని కొందరికి తోచవచ్చును. కాని ఇదే జిల్లాలోని సబ్బవరము మండలమున వంగలి గ్రామము, 2016లో స్థాపింపబడి, 2017 నాటి పార్లమెంటు చట్టముచే జాతీయ ప్రాముఖ్యము గల సంస్థగా గుర్తింపు పొందిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పెట్రోలియం అండ్ ఎనర్జీకి శాశ్వతస్థానమైనది. కావున చమురుపరిశ్రమ కంప్యూటరుల చేతిలోనికి పోవుచున్న యీ కాలమున, అందలి విద్య యెట్టిదో తెలిసికొనుట మన పిల్లల భవిష్యత్తునకు సంబంధించిన విషయము.

మన తీరమునకు చమురుచరిత్ర క్రొత్తది కాదు. కృష్ణా-గోదావరి బేసిన్‌లో రవ్వ క్షేత్రము 1987లో బయల్పడినది, డి-6 బ్లాకులో 2002లో కనుగొనిన సహజవాయువు 2009లో గాడిమొగ తీరమునకు చేరినది, ఓ.ఎన్.జి.సి. వారి లోతునీటి క్షేత్రమైన 98/2 బ్లాకునుండి 2024 జనవరి 7న తొలి చమురు వెలికివచ్చినది.

వీని వెనుక కంటికి కానరాని దత్తాంశముల (డేటా) రాశి యున్నది. నౌకలు గాలితుపాకులతో నీటిలో ధ్వని పుట్టించి, సముద్రము క్రింది శిలాస్తరములనుండి మరలివచ్చు ప్రతిధ్వనులను నమోదు చేయును. బావిలో దింపిన పరికరములు గామా కిరణములను, విద్యున్నిరోధమును, శిలాసాంద్రతను లోతు ననుసరించి గీతలుగా గీయును. ఉత్పత్తి మొదలైన పిమ్మట సముద్రపుటడుగున అమర్చిన మాపకములు పీడనోష్ణములను రేయింబవళ్లు పంపుచునే యుండును. ఈ దత్తాంశములనన్నిటిని ఒకచోట చేర్చి, యంత్రమునకు నేర్పి, ఏ పొరలో చమురున్నదో, ఏ పంపు చెడనున్నదో ముందుగా చెప్పించుటయే డిజిటల్ పరివర్తన మనబడుచున్నది.

చిక్కంతయు ఆ చేర్చుటలోనే యున్నది. ఒక సంస్థ లోతును అడుగులలో వ్రాయగా మరియొకటి మీటర్లలో వ్రాసినది. ఒకరు డ్రిల్లింగ్ వేదికనుండి కొలువగా మరియొకరు సముద్రమట్టమునుండి కొలిచిరి. ఏటవాలుగా త్రవ్విన బావిలో గొట్టము పొడవు వేరు, నిట్టనిలువు లోతు వేరు. ఒకే కొలతకు కంపెనీ కొక సంకేతనామము. కొలత దొరకని చోట మైనస్ 999.25 అను సంఖ్యను గుర్తుగా వేయు ఆచారము కలదు. దానిని యెరుగని యంత్రము ఆ సంఖ్యను నిజమైన కొలతగానే గ్రహించి, సగటులన్నిటిని చెరచును. పాత భారతీయ పటములు 1830 నాటి ఎవరెస్టు గోళపు లెక్క ననుసరించినవి, నేటి జి.పి.ఎస్. లెక్క వేరు, రెంటిని సరిచూడకున్నచో బావి స్థానము పటముపై నూరు మీటర్లకు మించి జరుగును. ప్రతిధ్వనుల నమోదునకు 1975లో ఏర్పడిన సెగ్-వై అను ప్రమాణము నేటికిని వాడుకలోనున్నది. దాని శీర్షిక, వరుసకు ఎనుబది అక్షరముల చొప్పున నలుబది వరుసలుగా, పంచ్‌కార్డుల కాలమును తలపించుచుండును.

కావుననే పరిశోధకులు యంత్రమునకు నేర్పు నమూనాలకంటె ముందు దత్తాంశశుద్ధిపై శ్రద్ధ వహించుచున్నారు: కొలమానముల నేకము చేయుట, అసంభవసంఖ్యల నేరివేయుట, లోపించిన చోటుల గుర్తించుట, ఏ సంఖ్య ఎచటనుండి వచ్చెనో చరిత్ర వ్రాసియుంచుట. మరుగుచున్న చెరకురసముపై తేలిన మడ్డిని తీయక వండిన బెల్లము అనకాపల్లి సంతలో ధర పలుకనట్లే, శుద్ధి లేని దత్తాంశముతో పెంచిన యంత్రబుద్ధి బావియొద్ద నిలువదు.

అయినను శుద్ధి యొక్కటే సర్వస్వము కాదు. డి-6లోని ప్రధానక్షేత్రములు రోజుకు ఎనిమిది కోట్ల ఘనపుమీటర్ల వాయువు నిచ్చునని తలపగా, 2010 తరువాత ఉత్పత్తి క్షీణించి 2020 ఫిబ్రవరిలో ఆగిపోయినది. భూగర్భమునకు తనదైన నడక కలదనియు, సంఖ్యలను చదువుటకు భూవిజ్ఞానియొక్క వివేచన తోడు కావలెననియు ఈ యనుభవము చాటుచున్నది.

ఈ విద్య నేర్చుటకు దారులు తెరువబడియున్నవి. మన దేశమున 26 అవసాదశిలా బేసిన్ల దత్తాంశములకు నిలయముగా జాతీయ దత్తాంశనిధి 2017 జూన్‌లో ప్రారంభమైనది. నార్వేకు చెందిన ఈక్వినార్ సంస్థ 2018లో తన వోల్వె క్షేత్రపు దత్తాంశములను విద్యార్థులకును పరిశోధకులకును విడిచిపెట్టినది. చోడవరములో కూర్చుండియు వానిని అభ్యసింపవచ్చును. ఈ విద్యలో చేరు యువకులు కృత్రిమమేధ యను పేరునకు మురియుటకు ముందు ఒక పాత బావి నివేదికను ఆమూలాగ్రముగా చదువ నేర్వవలెను. సంస్థలును శుద్ధిపనిని గుమాస్తాపనిగా నెంచక, దానికి తగిన కాలమును వేతనమును గౌరవమును కేటాయింపవలెను.