విదేశయానము - విద్యుత్పరికరములు

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములలో బ్రతుకుతెరువుకై గల్ఫ్ దేశములకు పోయినవారు లేని ఊరు అరుదు. కొందరి పిల్లలు అమెరికాలో చదువుచున్నారు. ప్రయాణపు పెట్టెలో పచ్చళ్ళతోపాటు మిక్సీయో, ఇస్త్రీపెట్టెయో చేరును. సెలవుపై వచ్చువారు అక్కడినుండి ఏదో ఒక యంత్రమును తెత్తురు. ఇక్కడ చక్కగా పనిచేసిన వస్తువు అక్కడ మొరాయించుట, అక్కడి వస్తువు ఇక్కడ కాలిపోవుట ఎందువలన? కష్టార్జితము పొగయై పోకుండవలెనన్న ఈ సంగతి ముందుగా తెలిసికొనవలెను.

మన నిజాంసాగరమును తలచుకొందము. జలాశయములో నీటిమట్టము ఎంత ఎత్తుగా నున్న, తూములనుండి నీరు అంత వేగముగా వెడలును. అట్లే తీగలలో విద్యుత్తును తోయు ఒత్తిడియే వోల్టేజి. మన ఇండ్లకు వచ్చునది 230 వోల్టులు. దుబాయిలోను ఇంచుమించు ఇంతే, కువైటులో 240, అమెరికాలో 120, జపానులో 100 మాత్రమే. సౌదీ అరేబియాలో ఇండ్లకు చాలకాలము 127 వోల్టులు ఇచ్చెడివారు. దానిని క్రమముగా 230కి మార్చవలెనని 2010లో ఆ ప్రభుత్వము నిర్ణయించినది.

ఈ భేదము ఎట్లు వచ్చినది? 1882లో న్యూయార్కున ఎడిసన్ తన దీపములకు అనుకూలముగా నుండునని సుమారు 110 వోల్టులతో సరఫరా ప్రారంభించెను. అమెరికా ఆ బాటనే నడచినది. ఐరోపా దేశములు తరువాత దానిని రెట్టింపు చేసినవి. అదే సామర్థ్యమును రెట్టింపు వోల్టేజితో పంపిన, తీగలో ప్రవాహము సగమగును. తీగ వేడెక్కుటవలన కలుగు నష్టము నాల్గవవంతుకు తగ్గును. రాగి ఆదా యగును.

ఇక ఇస్త్రీపెట్టె సంగతి చూతము. అమెరికాలో కొన్న 120 వోల్టుల, 1000 వాట్ల పెట్టెను ఇక్కడ తగిలించితిమనుకొనుడు. ఒత్తిడి ఇంచుమించు రెట్టింపైనది. దానితోపాటు ప్రవాహమును ఇంచుమించు రెట్టింపగును. సామర్థ్యము ఈ రెండింటి గుణకారము. కనుక 1000 వాట్లు సుమారు 3,700 వాట్లగును. లోపలి తీగచుట్ట మాడిపోవును. నిప్పంటుకొనినను ఆశ్చర్యము లేదు. మన 1000 వాట్ల పెట్టెను అమెరికాలో తగిలించిన సుమారు 270 వాట్లే వచ్చును. ప్రమాదము లేదు గాని బట్టల ముడుతలు పోవు.

రెండవ భేదము పౌనఃపున్యము. మన ఇండ్లకు వచ్చు విద్యుత్తు ఒకే దిక్కున పారదు. ఉయ్యాలవలె ముందుకు వెనుకకు ఊగుచుండును. మన దేశములోను, దుబాయి, కువైటులలోను అది సెకనుకు 50 సార్లు ఊగును. అమెరికాలోను, సౌదీలోను 60 సార్లు. ఇస్త్రీపెట్టెకు ఈ భేదముతో పనిలేదు. కొన్ని మోటారులకు ఉన్నది. సరఫరా ఊపును బట్టి నడచు 60 హెర్ట్‌జ్ గోడగడియారము ఇక్కడ గంటకు పదినిమిషములు వెనుకబడును. 60 హెర్ట్‌జ్‌లకు మాత్రమే నిర్మించిన రిఫ్రిజిరేటరును ఇక్కడికి తెచ్చిన, వోల్టేజి సరిపోయినను, మోటారు మెల్లగా తిరుగుచు, ఎక్కువ ప్రవాహమును గుంజుకొని వేడెక్కును.

అడాప్టరు కొన్న చాలునని కొందరి భ్రమ. మన ప్లగ్గు ముళ్ళు గుండ్రనివి, దుబాయివి దీర్ఘచతురస్రాకారములు, అమెరికావి పలుచని రేకులవంటివి. సామాన్యమైన అడాప్టరు ఈ ఆకారభేదమును మాత్రమే సరిచేయును, వోల్టేజిని తాకదు. వోల్టేజిని మార్చునది ట్రాన్స్‌ఫార్మరు. కాని అది పౌనఃపున్యమును మార్చజాలదు. అమెరికాలో మన మిక్సీని నడపవలెనన్న, దాని వాట్లకంటె బాగుగా ఎక్కువ భారము మోయగల ట్రాన్స్‌ఫార్మరు కావలెను. అది బరువైనది, ఖరీదైనది. అక్కడనే మరియొక మిక్సీ కొనుట తరచుగా తేలిక.

సెల్‌ఫోను, ల్యాప్‌టాప్ చార్జరుల తీరు వేరు. అవి వచ్చిన విద్యుత్తును మొదట ఏకముఖ ప్రవాహముగా మార్చుకొనును. పిదప దానిని అతివేగముగా తెంచుచు కలుపుచు తమకు వలసిన వోల్టేజిని తామే సిద్ధము చేసికొనును. అందుచే వానిలో పెక్కింటికి ఏ దేశపు సరఫరా యైనను ఒకటే.

ఏ వస్తువు ఏ జాతిదో తెలిసికొనుటకు ఇంజనీరు అక్కరలేదు. పెట్టె సర్దుటకు ముందు దానిని తిరగవేసి, అడుగున అంటించిన చీటీని చూడుడు. 100-240 వోల్టులు, 50/60 హెర్ట్‌జ్ అని యున్న అడాప్టరు ఒక్కటి చాలును. 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్ అని మాత్రమే యున్న దుబాయికి పనికివచ్చును, అమెరికాకు పనికిరాదు. 120 వోల్టులని మాత్రమే యున్న వస్తువును ట్రాన్స్‌ఫార్మరు లేనిదే మన ఇంటి గోడకు తగిలింపరాదు. గల్ఫునుండి వచ్చు అన్నయ్యతో ఫోనులో మాటలాడునపుడు, ఏమి తెచ్చుచున్నావని అడుగుటతోపాటు ఆ చీటీలోని అంకెలను కూడ చదువుమని అడుగుట మంచిది.