ఇంద్రేశము రాయి – హట్టి బంగారము

ఇంద్రేశము, పటాన్‌చెరు ప్రాంతములలో బావి త్రవ్వించిన రైతునకు నేల లోపలి సంగతి ఒకరు చెప్పనక్కఱలేదు. పైన ఎఱ్ఱచెలక, దానిక్రింద మొరము, అటుపిమ్మట గడ్డపారకు లొంగని గ్రానైటు. అందు మిలమిల మెఱయు పొరలు కాకిబంగారమే. పడమట జహీరాబాదు వైపునకు పోయినచో నల్లరేగడియు, దానిక్రింద బసాల్టును కనబడును. అది సుమారు 6 కోట్ల 60 లక్షల యేండ్ల క్రిందట పొంగి పాఱిన లావా. బంగారమునకును రాగికిని అగ్నిపర్వత శిలలు నెలవులని విన్నవారు, ఈ లావాలో అవి యేల దొరకవని యడుగుట న్యాయమే.

ప్రత్యుత్తరము రాయచూరు జిల్లాలోని హట్టి గనులలో నున్నది. ఆ జిల్లా 1956 వఱకు హైదరాబాదు రాజ్యములోనిదే. హట్టిలోని నల్లరాయియు ఒకప్పటి లావాయే. కాని దాని వయస్సు 250 కోట్ల యేండ్లకు పైమాట. అది భూగర్భమున అణగి, కాగి, రూపు మాఱినది; లోతైన బీటలు వాఱినది. ఆ బీటల వెంట గంధకముతో గూడిన వేడినీరు పైకెగసినది. బంగారము ఆ నీట గంధకమును అంటిపెట్టుకొని కరగియుండెను. నల్లరాతిలోని ఇనుము గంధకమును తనవైపు లాగుకొని పైరైటుగా మాఱగా, ఆధారము తప్పిన బంగారము పలుగురాతి చాళ్లలో పేరుకొనెను. మన గ్రానైటులో ఇనుము స్వల్పము. జహీరాబాదు లావాలో ఇనుము సమృద్ధిగా నున్నను, అది పొరలు పొరలుగా చదునుగ పఱచుకొనియున్నది. అట్టి బీటలును, గంధకపు వేడినీటి ప్రవాహమును దానికి ప్రాప్తింపలేదు. రాయి ఒక్కటే చాలదన్నమాట.

రాగి కథయు దీనికి దగ్గఱిదే. సముద్రగర్భమున లావాలోనికి దిగిన ఉప్పునీరు కాగి, రాతిలోని రాగిని కరగించుకొని, తిరిగి చల్లని నీటిని తాకినచోట గంధకముతో కలిపి దానిని దించివేయును. సైప్రసు ద్వీపపు గనులు ఇట్లేర్పడినవే. లాటినులో రాగికి పేరు ఆ ద్వీపమును బట్టియే వచ్చినది. చిత్రదుర్గమువద్ద ఇంగళధాల్‌లోను రాగి ప్రాచీనమైన లావాశిలలలోనే దొరకినది.

హట్టిలో మన పూర్వులు యంత్రములు లేకయే ఆఱువందల అడుగుల లోతునకు దిగినారు. ఈ గనులకు సమీపముననున్న మస్కిలో అశోకుని పేరు గల శాసనమును 1915లో కనుగొన్నవాడు బీడన్ అను బంగారుగనుల ఇంజనీరు! అయితే గనుల చరిత్రయంతయు ఇంత ముచ్చటైనది కాదు. 1886లో నిజాము రాజ్యపు గనుల హక్కులు లండన్ పెట్టుబడిదారుల పాలైనవి. ఆ వ్యవహారము ఎంత దుర్గంధము కొట్టినదనగా, 1888లో బ్రిటిషు పార్లమెంటే విచారణ సంఘమును వేయవలసివచ్చెను. నేడు హట్టి కర్ణాటక ప్రభుత్వ సంస్థ చేతిలో నున్నది.

గద్వాలలోను, కర్నూలు జిల్లా జొన్నగిరిలోను అట్టి ప్రాచీన శిలలే యున్నవి. అచ్చటి భూస్వాములు బంగారము మాట విని ఉప్పొంగుటకు ముందు ఒక సంగతి యెఱుంగవలెనని మా మనవి. హట్టి ఖనిజమున బంగారముతోపాటు పాషాణమును ఇముడ్చుకొన్న ఆర్సెనోపైరైటు కలదు. రాతిని పిండి చేసి బంగారము తీసినపిదప అది ఆ పిండిలోనే మిగులును. ఆ పిండిని ఎచ్చట పోయుదురు, వాననీరు దానిని ఎవరి చెఱువునకు చేర్చును అను ప్రశ్న భూమి ధర కుదురకముందే అడుగవలసినది. పటాన్‌చెరు కర్మాగారముల విషయమున ఆ ప్రశ్న ఆలస్యముగా వచ్చినది. నక్కవాగు చెడిన పిమ్మట, 1990లో గాని ఆ వ్యాజ్యము సుప్రీంకోర్టు గడప తొక్కలేదు.